గజిబిజి గారి ఫిర్యాదులు

“మళ్ళీ వాడే!” డిజైనరు కుర్చీ వెనక్కి తోశాడు. “ఈ వారంలో ఇది ముప్పయ్యొకటో ఫిర్యాదు మేడమ్.”

“ఎవరు, గజిబిజేనా?” ఫోన్లో మేనేజరు నవ్వింది.

“ఇంకెవరు! పనీపాటా లేనివాడెవడో తగులుకున్నాడు. వాణ్ణి తీసేద్దాం.”

“వద్దు. మిగతా పంతొమ్మిది మందీ ‘బాగుంది’ అని ఊరుకున్నారు. నోరు విప్పింది ఆ ఒక్కరే.”

ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి, అంటే చేస్తున్న పని మధ్యలోనే చేజారిపోయేవాళ్ళకి, రోజువారీ పనులు గుర్తుచేసే యాప్ అది. ఎనిమిది నెలలుగా ఇంట్లోనే కూర్చుని దాన్ని తయారుచేస్తున్నాడు. విడుదలకి ముందు వాడి చూడ్డానికి, డాక్టరు నిర్ధారించినవాళ్ళనే ఇరవై మందిని తీసుకున్నారు. అసలు పేర్లు చెప్పక్కర్లేదన్నారు. దాంతో ఒకరు ‘గజిబిజి’ అని పెట్టుకుని అతని ప్రాణం తోడేస్తున్నారు.

“ఎర్రక్షరాల్లో ‘ఏడు పనులు మిగిలిపోయాయి’ అని చూపిస్తే, ఎనిమిదో పని ఫోన్ మూసెయ్యడమే” అన్నది ఒక ఫిర్యాదు. పళ్ళు నూరుకుంటూ ఆ ఎరుపు తీసేశాడు. “‘ఇల్లు సర్దాలి’ అనేది ఒక పని కాదు, యాభై పనులు. మొదటిది ఏదో చెప్పండి చాలు” అన్నది ఇంకొకటి. దానికి పది రోజులు పట్టింది.

ఇవాళ్టిది మరీ విడ్డూరం. “‘కాస్త మనసు పెట్టండి’ అంటోంది మీ యాప్. ఆ మాట తీసేయండి. మనసు పెట్టీ పెట్టీ అలిసిపోయినవాళ్ళమే మేమంతా.”

“అందులో తప్పేముంది మేడమ్?”

“తీసెయ్యి బాబూ” అని మేనేజరు ఫోన్ పెట్టేసింది.

తీసేస్తుండగా మాడువాసన వచ్చింది. వంటింట్లోకి పరిగెత్తాడు. పొయ్యి మీద టీగిన్నె నల్లగా మాడిపోయి ఉంది. భార్య బాల్కనీలో సగం బట్టలు మడతపెట్టి, ఏదో పాత ఉత్తరం చదువుకుంటోంది.

“టీ పెట్టి ఇక్కడేం చేస్తున్నావ్?”

“అయ్యో! బట్టలు తీద్దామని ఒక్క నిమిషం వచ్చానండీ...”

“ఎన్నో గిన్నె ఇది? చిన్నపిల్లవా? కాస్త మనసు పెడితే నీ సొమ్మేం పోతుంది?”

ఆమె గిన్నె తీసుకెళ్ళి తోమడం మొదలుపెట్టింది.

నెల తర్వాత యాప్ విడుదలైంది. ‘మమ్మల్ని తిట్టని యాప్ ఇదొక్కటే’ అని వాడినవాళ్ళు వందల్లో రాశారు. వాళ్ళు మెచ్చుకున్నవన్నీ గజిబిజి పట్టుబట్టి మార్పించినవే. ఆ సాయంత్రం అతనికి సిగ్గేసింది. యాప్‌లోనే మెసేజ్ పెట్టాడు.

“మిమ్మల్ని చాలా విసుక్కున్నాను. క్షమించండి. ఇంత ఓపిగ్గా ఎలా రాశారు?”

“మీకైతే రాయగలిగాను. ఇంట్లో నోరు పెగల్లేదు.”

“మీ సంగతి ఇంట్లో తెలీదా?”

“డాక్టరు చెప్పి ఏడాదైంది. ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను.”

అతను వెంటనే టైప్ చేశాడు. “ఒక్కసారి మాట్లాడొచ్చా? యాప్ నుంచే చేస్తాను, నంబరు కనబడదు.”

జవాబు వచ్చింది.

“చెయ్యండి.”

అతను నొక్కాడు.

వంటింట్లో భార్య ఫోన్ మోగింది.