పలికిన ఇల్లు

కరూ ఎడారిలో ఆ మూలన ఉన్న గొర్రెల ఫారాలు తొమ్మిది. రోజూ రాత్రి ఎనిమిదింటికి రేడియోలో వాటి హాజరు పిలవడం ఎల్‌సాబె పని. పలకని ఇంటికి, ఏదో ఆపద వచ్చిందని, తక్కినవాళ్లంతా తుపాకులు పట్టుకుని వెళ్లాలి.

"ఏడో ఫారం?" అంది అలవాటు కొద్దీ.

"క్షేమమే అక్కా," అన్నాడు టీనస్, ఎప్పటిలాగే దగ్గి.

అప్పుడు గుర్తొచ్చింది. టీనస్ పొద్దున రిపేరుకిచ్చిన రేడియో ఆమె బల్లమీదే ఉంది, బ్యాటరీ లేకుండా. వాడికి ఇంకొకటి లేదు.

"ఎక్కణ్ణించి మాట్లాడుతున్నావురా?"

కాసేపు గరగర. "ఇంట్లోంచే. నువ్వు మాత్రం రావద్దక్కా."

"కాఫీ పెట్టు. వస్తున్నా."

తుపాకీ, జీపు తాళాలు తీసుకుంది. ఇన్నేళ్లూ పలకని ఇళ్లకే వెళ్లింది. ఈ రాత్రి పలికిన ఇంటికి బయలుదేరింది.