ఏడో ఈతబుర్ర

“చెయ్యి తియ్యండవ్వా. అది కరెంటు,” అంది హేవన్.

“తియ్యను. ముందు ఆ మనిషిని పైకి రానీ,” అంది చున్‌హ్వా అవ్వ, పీకిన ప్లగ్గు చేతిలో పట్టుకుని.

జెజు ద్వీపంలోని ఆ ఊరి గ్రంథాలయంలో బీరువాలు పక్కకు జరిపి హేవన్ తన కళాప్రదర్శనకు ఒక చీకటిగది కట్టింది. తెర మీద సముద్రం. ముందు, మునిగేవాళ్లు పట్టుకుని తేలే ఈతబుర్రల్లాంటి ఏడు దీపాలు. నత్తగుల్లల కోసం మునిగిన ఆ ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే తేలి, ఈలలా ఊపిరి వదిలినప్పుడల్లా ఒక దీపం వెలుగుతుంది. ఆరు వెలుగుతాయి. ఏడోది వెలగకుండానే అంతా మళ్లీ మొదటికొస్తుంది. సియోల్ పత్రికలవాళ్లు వచ్చి ఆ వెలగని దీపాన్నే తెగ మెచ్చుకున్నారు. వాళ్లకేం, ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెబుతారు.

అవ్వకు మాత్రం ఒళ్లు మండిపోయింది. రోజూ వచ్చి ప్లగ్గు పీకుతోంది.

“రికార్డరులో బ్యాటరీ అయిపోయిందవ్వా. ఆవిడ తర్వాత తేలే ఉంటుంది.”

“చూశావా నువ్వు?”

“లేదు.”

“అందరూ తేలేదాకా మాలో ఒక్కతె కూడా ఒడ్డెక్కదు. నువ్వేమో మనిషిని అడుగున వదిలేసి ఊరందరికీ చూపిస్తున్నావు.”

గ్రంథాలయాధికారి యాంగ్ మెల్లగా అడిగాడు. “ఆమె మీ ఇంటి మనిషా అవ్వా? పోయిందా?”

“ఎవరైతే నీకెందుకురా? మునిగింది మనిషేగా.”

హేవన్‌కు ఓపిక నశించింది.

“ఇలాగైతే పోలీసుల్ని పిలుస్తాను.”

“పిలు. వాళ్ల అమ్మలూ ఈ నీళ్లలో మునిగి నత్తగుల్లలు ఏరినవాళ్లే.”

హేవన్‌కు ఏడుపొక్కటే తక్కువ. చివరికి మైకు తెచ్చి అవ్వ ముందు పెట్టింది. “నా దగ్గర ఏడో ఊపిరి లేదు. మీరే వదలండి, అతికిస్తాను.”

అవ్వ ప్లగ్గు వదిలింది. గుండెనిండా గాలి పీల్చి ఈల వేసింది. పక్కగదిలో పరీక్షలకు చదువుకుంటున్నవాళ్లు తలుపు తీసి చూశారు.

హేవన్ ఆ ఊపిరిని చివర అతికించి మొదటినుంచీ నడిపింది. ఏడో దీపం వెలిగింది. ఆమెకు తెలియకుండానే కళ్లు చెమర్చాయి.

“ఇప్పటికైనా పాపం ఆమె ఆత్మ శాంతిస్తుంది. పేరు చెప్పండవ్వా, దీపం కింద రాస్తాను.”

“ఆత్మేమిటే, నీ మొహం,” అంది అవ్వ.

“ఆ ఏడోదాన్ని నేనే.”