బి బ్లాకు ఓటు

“చారులో ఉప్పు లేదు,” అన్నాడు రాజగోపాల్, రాగిముద్ద ఇంకా తుంచకుండానే.

“నోట్లో పెట్టుకోకనే ఎట్ల తెలిసింది మామా?” అంది కోడలు అంబిక.

“వాసనకే తెలుస్తాది.”

“ఉప్పుకు వాసనేంది నాయనా!” కొడుకు దర్శన్ నవ్వాడు. తండ్రి చూపు తగలగానే పళ్ళెంలోకి తల వంచేశాడు.

కోపం చారు మీద కాదు. మహదేవపురలోని ఆ అపార్ట్‌మెంటుకు రాజగోపాల్ తొమ్మిదేళ్ళుగా ప్రెసిడెంటు. నాలుగు బ్లాకులకు నలుగురు ప్రతినిధులు, ఆ నలుగురే కూర్చుని ప్రెసిడెంటును ఎన్నుకుంటారు. బి బ్లాకు ప్రతినిధి అంబికే. అలాంటిది ఆ పద్ధతి తీసేసి ఇంటికో ఓటు పెట్టాలని వారం రోజులుగా ఆమే గడప గడపకూ తిరిగి సంతకాలు చేయిస్తోంది. ఆ నోటీసు లిఫ్టులో అతికించిన రోజు నుంచి ఆయన మూడంతస్తులూ మెట్లెక్కి వస్తున్నాడు. ఈ సాయంత్రమే మీటింగు.

భార్య పోయాక ఆయనకు మిగిలిన పని అదొక్కటే. తెల్లారగానే గేటు దగ్గర నిలబడి, ట్యాంకరు నీళ్ళు పై అంతస్తుల దాకా ఎక్కాయో లేదో చూసుకుంటేగాని కాఫీ తాగడు.

“ఎవురు దించినా బాధ లేదమ్మా,” అన్నాడు చివరికి. “నువ్వు దించుతావని అనుకోలేదు.”

అంబిక గిన్నె అందుకుని, ముద్ద మీద నెయ్యి వెయ్యబోయింది.

“సాకు, ఇంక చాలు,” అని చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇద్దరూ వినండి. సాయంత్రం మీటింగులో ఇంటికో ఓటుకు అందరికంటే ముందు నేనే చెయ్యెత్తుతా. పది మందికీ మంచిదైతే కానీ. నేను మాత్రం ఇంక నిలబడను.”

దర్శన్ భార్య వైపు చూశాడు. “ఇప్పుడన్నా చెప్పేయ్ అంబికా.”

“ఏం చెప్పేది?” అన్నాడు రాజగోపాల్.

ఆమె నెయ్యి గిన్నె కింద పెట్టింది.

“మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు మామా. ట్యాంకరు నీళ్ళతో కార్లు కడగనీలేదని తక్కిన మూడు బ్లాకుల ప్రతినిధులూ ఈసారి మిమ్మల్ని తీసేయాలని ఒకటైనారు. నన్నూ రమ్మన్నారు.”

ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

“నాలుగిట్లో నాది ఒకటే ఓటు. దాంతో మిమ్మల్ని గెలిపించలేక, ఇంటింటికీ పోయి మీకు ఓట్లు తెస్తా ఉండా.”