మోటార్‌ఖానాలో దొంగ

"సుతిలి తాడు," అన్నాడు సదాశివ, మోకాళ్ల మీద వంగి ఎదుటివాళ్ల పందెపు బండి కిందికి చూస్తూ. "వెనక స్ప్రింగులకు సుతిలి చుట్టిన్రు. ముడి గూడ మనదే."

పక్కన అతని ఫిట్టర్ బాబూమియా నిలబడ్డాడు. ఆ బండిని తయారుచేసే ఉస్తాద్ గులాం నబీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంది సదాశివ భాయ్, మా బండి కింద ఏం పోగొట్టుకున్నవ్?"

"నా అకల్, నా తెలివి పోగొట్టుకున్న. ఈడ దొరికింది."

గులాం నబీ నవ్వాడు. "పదిహేను దినాలు సడక్ మీద తోలి చూడంది నేను ఏ సామానూ మైదాన్‌కు తేను. నీ అకల్ అయితే ఆ పదిహేను దినాలు నాకేడ దొరుకుతయ్?"

దొంగకు దర్పం కూడా ఉంటుందని సదాశివ అనుకున్నాడు.

అది పంతొమ్మిది వందల ముప్పై ఏడు చలికాలం. ఊరి బయటి మైదానంలో ఆ ఏటికి ఆరు మోటారు పందేలు జరగాలి, నాలుగు ముగిశాయి. నవాబు షఫీఉద్దీన్ బండి రెండు గెలిచింది, గులాం నబీ బండి రెండు. నవాబుగారి మోటార్‌ఖానాకు పెద్ద సదాశివ. చదువుకున్నవాడు, లెక్క తప్పనివాడు. పందేనికీ పందేనికీ మధ్య బండిని విప్పి, ఏదో ఒకటి మార్చి, మళ్లీ బిగించడం అతని పని. మొదటి పందేనికి ముందే మడ్‌గార్డులు, వెనక సీటు తీసేశాడు. తర్వాత సైలెన్సర్. ఆపైన చట్రానికి బెజ్జాలు తొలిపించి బరువు తగ్గించాడు. మలుపుల్లో బండి ఒరగకుండా స్ప్రింగులకు సుతిలి చుట్టించాడు. అతను చేసిన ప్రతి మార్పూ సరిగ్గా ఆ వెంటనే జరిగిన పందెంలోనే గులాం నబీ బండిలో కనిపించింది.

నవాబుగారు ఆ సాయంత్రమే పిలిపించారు.

"నీ దిమాగు మన ఖానాలకెళ్లి బయటికి కారుతున్నది సదాశివా. ఆఖరి రేసులోపల ఎవడో పట్టుకొచ్చి నా ముందట నిలబెట్టు. దొంగను నా గేటు లోపల ఉంచ. నీకు దొరకకుంటే తాళంచెవులు ఈడ పెట్టి నువ్వే పో."

పదకొండేళ్ల కొలువు. ఈ వయసులో ఇంకో మోటార్‌ఖానా తనను చేర్చుకోదని సదాశివకు తెలుసు. ఆ రాత్రి అతనికి కంటిమీద కునుకు లేదు. ప్రతి మార్పుకూ ముందు ఎవరేమన్నారో వరుసగా గుర్తుచేసుకున్నాడు. వరుస తేలేసరికి లేచి కూర్చున్నాడు.

"సైలెన్సర్ లేకుంటే ఏమైతది సాబ్?" "చట్రానికి బెజ్జాలు పొడిస్తే విరుగుతదా సాబ్?" "స్ప్రింగు జర గట్టిగైతే బండి నిలబడతది కదా సాబ్?"

అడిగినవాడు ప్రతిసారీ బాబూమియా. ఫిట్టర్‌కు ఇన్ని ప్రశ్నలెందుకు? తన నోట మాట రాబట్టి మోసుకుపోవడానికి కాకపోతే?

అనుమానం రుజువు కాదు. సదాశివ ఒక పరీక్ష కల్పించాడు. పెట్రోలు గొట్టం చుట్టూ రాగితీగను మెలికలుగా చుట్టి, దాన్ని బాబూమియాకు మాత్రమే చూపించాడు. దానివల్ల ఒరిగేది శూన్యం.

"ఇది దేనికి సాబ్?"

"పెట్రోల్‌కు జోరు పెరుగుతది. ఎవరికీ చెప్పకు."

బాబూమియా ఆ తీగను చాలాసేపు చూశాడు. "మీరు అన్నంక నేనేమంట సాబ్," అన్నాడు, గడ్డం గోక్కుంటూ.

ఐదో పందెంలో నవాబుగారి బండి ఓడింది. అయినా సదాశివ చూసింది గెలుపోటములను కాదు, గులాం నబీ బండి బానెట్ లోపల. అక్కడ రాగితీగ లేదు.

రాగితీగ కనబడితే బాబూమియా దొంగ అని అతను ముందే తీర్మానించుకున్నాడు. కనబడలేదు కనుక బాబూమియా ఒట్టి దొంగ కాడు, తెలివిగల దొంగ అని ఇప్పుడు తీర్మానించాడు. ఎటు తేలినా ఒకే జవాబునిచ్చే పరీక్ష పరీక్షే కాదని ఇతరులకు చెప్పగల మనిషి, ఆ మాట తనకు చెప్పుకోలేదు.

బుధవారం బాబూమియాకు సెలవు. సదాశివ వెంబడించాడు. అఫ్జల్‌గంజ్ దాటి, మూసీ ఒడ్డున నడిచి, పురానాపూల్ దగ్గర సందులోకి తిరిగాడు బాబూమియా. ఒక ఇంటి తలుపు తట్టాడు. ఆ ఇంటి వెనక గోడ గులాం నబీ కార్ఖానా గోడే.

కాసేపటికి బాబూమియా మిద్దె మీద కనిపించాడు. పిట్టగోడ మీంచి కార్ఖానా వైపు వంగాడు. చేతిలో కాగితం ఉంది. సదాశివకు అది చాలు.

మర్నాడు పొద్దున బాబూమియాను నవాబుగారి ముందు నిలబెట్టాడు.

"పురానాపూల్‌ల ఏం పని నీకు?" నవాబుగారు అడిగారు.

"మా అక్క అక్తరున్నీసా ఇల్లు హుజూర్."

"అక్కను చూడనీకె మిద్దె ఎక్కుతరా?" అన్నాడు సదాశివ. "కాగితం ఎందుకు?"

బాబూమియా అతని ముఖంలోకి చూశాడు. ఆ చూపులో భయం కన్నా మొహమాటమే ఎక్కువగా ఉంది. "సాబ్, ఈ ముచ్చట ఈడ వద్దు. మీకు నేను అలగ్, పక్కకొచ్చి చెప్తా."

"అలగ్ ఏంది? హుజూర్ ముందటనే చెప్పు."

నవాబుగారు చెయ్యెత్తారు. "ఆగు. సదాశివా, ఆ నాలుగు మార్పులు ఎవరి దిమాగు?"

"నావే హుజూర్. ఒక్కొక్కటీ నా చేత్తో గీసిన."

"విన్నవా బాబూమియా? ఆయన సొత్తు అది. వాళ్లకు ఏమేం ఇచ్చినవో ఒక్కటి దాచకుండ చెప్పు. దొంగ ఎవడైనా ఈ పొద్దే గేటు దాటుతడు."

బాబూమియా ఇంకొక్కసారి సదాశివ వైపు చూసి, తల దించుకున్నాడు.

"ఇచ్చుడెక్కడిది హుజూర్, అన్నీ ఆడ మిద్దె మీంచి చూసొచ్చి సాబ్ చెవిల ఏసినవేనాయె."