కండె అన్న మగ్గం

ఆట ఆరోసారి తెర మీద నుంచి మాయమైంది.

"మళ్ల పోయింది," అన్నాడు నిలేష్.

"నాక్కూడ కండ్లున్నయి," అంది నేహ.

టైం మూడు. ఐదింటికి భివండిలో వరాలా తలావ్ చెరువు పక్కనున్న ఈ తెలుగువాళ్ల సమాజం హాలు నిండిపోతుంది. కమిటీ వాళ్ల చుట్టూ పది రోజులు తిరిగితే గంట సేపటికి ఇచ్చారు.

దిమ్మె మీద దిమ్మె పేర్చి మనకు నచ్చిన ఊరు కట్టుకునే కంప్యూటర్ ఆట అది. నేహ, నిలేష్ ఆరు నెలలు కూర్చుని అందులో తమ గల్లీ మొత్తం కట్టారు. అసలు ఆటలో రిక్షాలు లేవు, చాయ్ బండ్లు లేవు. అలాంటివన్నీ ఎవరెవరో తయారుచేసి నెట్‌లో పెట్టిన మాడ్‌లు. దొరికిన ప్రతిదీ దింపి ఆటకు తగిలించారు. మొత్తం నూట పన్నెండు.

అన్నిటికంటే ముఖ్యమైంది పవర్‌లూమ్ మాడ్. నేహ తాత దేవయ్య నలభై ఏళ్లు పనిచేసిన కార్ఖానాలో మగ్గాలన్నీ మొన్న ఎండాకాలం తుక్కు కింద పోయాయి. అవే మగ్గాలు ఈ రోజు గోడంత తెర మీద ఆడాలి. తాత చూడాలి.

"ప్రొజెక్టర్ యాడ పెట్టాలె?"

గుమ్మంలో ఒక ఆడమనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. ఒంటి మీద మాన్కోలి గోదాము యూనిఫాం, చేతుల్లో పెద్ద డబ్బా.

"ఆ మూలకు పెట్టు అక్కా."

ఆమె డబ్బా దించింది. కానీ పోలేదు. కంప్యూటర్ వైపే చూస్తూ నిలబడింది.

"మాడ్‌లన్నీ ఒకే ఫోల్డర్‌ల కుప్ప పోసినవా, చెల్లె?"

నేహ గిర్రున తిరిగింది. "నీకు మాడ్‌లు తెలుసా?"

"సగం తీసి పక్కకు పెట్టు. ఆట నడిస్తే తప్పు తీసిన సగంల ఉన్నట్టు. నడవకుంటే ఉన్న సగంల. మళ్ల దాంట్ల సగం."

నేహ, నిలేష్ మొహాలు చూసుకున్నారు. చేసి చూస్తే పోయేదేముంది?

యాభై ఆరు. ఇరవై ఎనిమిది. పద్నాలుగు. ఏడు.

విడత విడతకూ ముగ్గురూ తెర మీదికి వంగిపోతున్నారు. చివరికి ఒక్కటే మిగిలింది.

పవర్‌లూమ్ మాడ్.

"గిదే. తీసెయ్," అంది ఆమె.

"తియ్య. ఇది లేకుంటే ఇయ్యాల్టి ఆటనే లేదు."

"తప్పు దీంట్లనే ఉన్నది. ఈ నెలల ఆట రెండుసార్లు మారింది. ఇది ఇంకా పాత ఆటనే పట్టుకొని ఏలాడుతున్నది. చేసినోళ్లకు సోయి ఉండాలె."

నేహకు చుర్రున మండింది.

"కండె అన్నను ఏమన్న అంటే ఊరుకోను అక్కా."

"ఆయనెవరు?"

"ఇది చేసినాయన. అసలు పేరు తెల్వది. నూలు చుట్టే కండె ఉంటది సూడు, ఆ 'కండె' అని రాసుకుంటడు. పోగు పట్టుకొని నాడె అటు ఇటు ఉరుకుడు సూడు, పోగు తెగంగనే మగ్గం ఆగుడు సూడు. మగ్గం మీద బతికినోడే గిట్ల చేస్తడు. మేము ఎన్నిసార్లు రాసినా జవాబియ్యడు. ఇయ్యకున్నా సరే, మాకు ఆయననే గురువు. ఈ మూలకు నిలబడి ఆయన్ని తిట్టుడు అల్కనే. ఒక్కటి చేసి సూపియ్యి."

ఆమె కుర్చీ దగ్గరికి జరిగింది.

"దీన్ని ఆడుతున్నరా, నిజంగ?"

"మా గల్లీలనే ఇరవై మంది."

"ఒక్క పది నిమిషాలు నన్ను కూసోనియ్యి. తియ్యను. మంచిగ చేస్త."

నేహ నోరు తెరిచేలోపు కమిటీ వాళ్లు ఇద్దరినీ తెర కట్టడానికి పిలిచారు. "కూసోనియ్యరాదు," అన్నాడు నిలేష్. "ఎట్లాగు నడుస్తలేదు."

అరగంటకు నేహ తిరిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

కుప్ప లేదు. వరసగా అంకెలు వేసిన ఫోల్డర్లున్నాయి. అన్నిటికీ కావలసినవి ముందు. తర్వాత రోడ్లు, ఇండ్లు, బండ్లు. ఆఖరున మగ్గాలు.

"అక్క ఏది?"

"భివండి రోడ్ స్టేషన్‌కు ఆటో ఎక్కింది. గోదాముల ఇయ్యాల్నే ఆఖరి పనట. ఊరికి పోతున్నది. రైలు పోతే మళ్ల దొరకదన్నది," అన్నాడు బయటి నుంచి వస్తూ నిలేష్.

నేహ ఆట తెరిచింది.

గల్లీ వచ్చింది. కార్ఖానా వచ్చింది. నలభై ఎనిమిది మగ్గాలూ ఒక్కసారిగా కదిలాయి.

ఐదింటికి హాలులో నిలబడే చోటు లేదు. మగ్గాల చప్పుడుకు కిటికీ అద్దాలు అదిరాయి. ముందు వరసలో దేవయ్య కుర్చీలోంచి లేచాడు. మెల్లగా తెర దాకా నడిచి ఒక మగ్గం మీద వేలు పెట్టాడు.

"దీని పోగు తెగింది. ఎవలన్న అతుకుండ్రి."

హాలంతా చప్పట్లు. నేహ పరుగున వెళ్లి, తాత చూస్తుండగా ఆటలోనే ఆ పోగు అతికింది. మగ్గం మళ్లీ ఆడింది. తాత తలాడించి, ఆ పక్క మగ్గం దగ్గరికి నడిచాడు.

జనం వెళ్లిపోయాక కూడా నేహకు కాళ్లు నేల మీద నిలవలేదు. వెంటనే అదే కంప్యూటర్లో ఆ మాడ్ పేజీ తెరిచింది.

"నిలేష్, ఇటు రా. కండె అన్న మగ్గాల మాడ్ మంచిగ చేసి కొత్తది పెట్టిండు. రెండేళ్లకు, ఇయ్యాల్నే."

"ఎన్ని గంటలకు?"

"మూడూ యాభైకి. కొంచెం ముందు పెడితే మనకు ఈ తిప్పలుండకపోవు."

నవ్వుకుంటూ రాయడం మొదలుపెట్టింది: 'అన్నా, మీ మగ్గాలు చూసి మా తాత కుర్చీల నుంచి లేచిండు.'

పంపబోతూ ఆగిపోయింది, రాసేవాళ్ల పేరు కనిపించే చోట తన పేరు లేదు, రైలుకు తొందరపడి ఆ అక్క లాగౌట్ చేయకుండా వదిలిపోయిన పేరు ఉంది: కండె.