గీతల ఇసుకరాయి

"అది కాదమ్మా, ఇది," అంటూ రాతిపనివాడు మళ్ళీ అదే పలక మీద అరచెయ్యి వేశాడు. ఆవిడ మళ్ళీ పక్కదాని దగ్గరికే వెళ్ళి నిలబడింది.

పొద్దున్నే ఎవరి ముఖం చూశానో అనుకున్నాడు. ఆవిడ కొడుకు కిందటి వర్షాకాలంలో పడవ బోల్తాపడి సముద్రంలో పోయాడు, శవం కూడా దొరకలేదు. పేరు చెక్కించి ఒడ్డున నిలబెట్టడానికి ఆవిడ భర్త మొన్న వచ్చి నల్లరాయి చెప్పి వెళ్ళాడు. రాయి చిరకాలం ఉండాలని మరీమరీ చెప్పాడు. ఇవాళ ఈవిడ వచ్చి నల్లరాయి వద్దు, గీతల ఇసుకరాయి కావాలంది. సరేనన్నాడు. అక్కణ్ణుంచి మొదలైంది తలనొప్పి.

ఇసుకరాయని ఎలా తెలుస్తుందని అడిగింది. భూతద్దం చేతికిచ్చి ఇసుక రేణువులు చూపించాడు. నీటిచుక్క వేసి, రాయి దాన్ని ఎలా తాగేస్తుందో చూపించాడు. ఈ ఎర్ర గీతలూ పసుపు గీతలూ ఏమిటంది. ఎప్పుడో నీళ్ళు మోసుకొచ్చి పరిచిన ఇసుక పొరలవి, ఆ రంగు ఇనుముది అని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. అన్నీ విని, బుద్ధిగా తలూపి, తీరా చూస్తే ఆ పనికిమాలిన పలక దగ్గరికే వెళ్ళింది. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయమనిపించింది. అతనికి ఒళ్ళు మండింది.

"చూడండమ్మా, దీనికి గీతలు ముందువైపే అడ్డంగా ఉన్నాయి. పొరలు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయన్నమాట. వందేళ్ళైనా చెక్కుచెదరదు. మీరు పట్టుకున్నదానికి గీతలు అంచులోనే ఉన్నాయి. ముందువైపంతా ఒక్కటే పొర. వానకి నాని అట్టలా ఊడొస్తుంది, పేరుతో సహా."

"ఎన్నాళ్ళకి?"

"నాలుగైదు వానాకాలాలు చాలు."

"ఇంకా తొందరగా ఊడేది లేదా?"

అతను ఉలి పక్కన పడేశాడు. ఇన్నేళ్ళ పనిలో ఇలాంటి బేరం తగల్లేదు. కోపం దాచుకోవడం ఇక అతని వల్ల కాలేదు.

"కన్నకొడుకు పేరమ్మా అది. రేపు మీ ఆయన వచ్చి నిలదీస్తే నేనేం చెప్పాలి? తెలిసి తెలిసి ఇదెందుకు?"

ఆవిడ పలక అంచు మీది గీతలను వేలితో తడిమింది.

"ఆయనకి రాయి కావాలి. పెట్టుకోనివ్వండి, నేను కాదనను," అంది. "మావాడు తిరిగొచ్చేసరికి ఆ పేరు ఉండకూడదు."