పేల్చే ముందు అడగాల్సినవి

"ఇప్పుడు నా మీద పేల్చు," అంది మోర్వెన్ ప్రాసర్, కోటు విప్పి కుర్చీ మీద వేస్తూ.

మార్కెట్ హాల్లో నవ్వులు ఆగిపోయాయి. అంతకు నిమిషం ముందే కౌన్సిలర్ ట్రెవర్ బౌవెన్ పోలీసులు టేజర్ అనే కరెంటు తుపాకి దెబ్బ తిని లేచాడు. పేల్చేటప్పుడు ఇద్దరు కానిస్టేబుళ్ళు అతన్ని చెరో రెక్కా పట్టుకున్నారు. కింద మందపాటి పరుపు పరిచారు. ట్రెవర్ ఐదు సెకన్లు గొంతు చించుకుని అరిచి, పరుపు మీద కూలబడి, మొహం తుడుచుకుంటూ లేచాడు. "ఓస్, ఇంతేనా! మా గొర్రెల కంచె కరెంటు ఇంతకన్నా గట్టిగా కొడుతుంది," అన్నాడు.

"గొర్రెలు నయం, ట్రెవర్. ఒకసారి తగిలితే మళ్ళీ దాని జోలికి పోవు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అందుకే ఆ నవ్వులు.

తుపాకి పట్టుకున్న సార్జెంట్ హాడ్లీకి మాత్రం నవ్వు రాలేదు. కార్డిఫ్ నగరం నుంచి ఈ ఊరికి బదిలీ అయి రెండు నెలలు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎవరో అతనికి తెలుసు. ఆమె తమ్ముడు గెథిన్ మీద పేల్చింది తనే. ఊళ్ళో గొడవ మొదలైంది దానివల్లే. టేజర్ వల్ల ఎవరికీ ఏమీ కాదని జనానికి చూపించడానికే ఈ శనివారం ప్రదర్శన పెట్టారు.

"మిసెస్ ప్రాసర్, మీరెందుకండీ," అన్నాడు మెల్లగా.

"ఎవరైనా రావచ్చని మైకులో చెప్పింది నువ్వే కదా నాయనా?"

"చెప్పాను. కానీ..."

"మా గెథిన్‌కి మాటలు రావు. ఆ దెబ్బ ఎలా ఉందో వాడు చెప్పలేడు. నేనైతే చెప్పగలను."

"మీ తమ్ముడికి ఏమీ కాలేదండీ. బస్సు దిగమని ఆరుసార్లు చెప్పాం. టిఫిన్ డబ్బా విసిరాడు."

"అది వాడి స్టాపు కాదు. రోడ్డు తవ్వారని బస్సు మధ్యలో ఆపేశారు. తన స్టాపు వస్తేనే దిగాలని వాడికి నేర్పింది నేను. ఇరవై ఏళ్ళుగా అలాగే దిగుతున్నాడు."

"ఆ సంగతి మాకెలా తెలుస్తుంది?"

"తెలీదు. నిజమే." మోర్వెన్ గొంతు పెంచలేదు. "పదిహేడు రోజులుగా వాడు వంటింటి బల్ల కింద కూర్చుంటున్నాడు. సోమవారం మళ్ళీ బస్సెక్కించాలి. ఎక్కించవచ్చో లేదో నాకు తెలియాలి. ఇంకోసారి ఇలాగే జరిగితే వచ్చేది మీరే కదా."

"వచ్చినా భయం లేదమ్మా," అన్నాడు ట్రెవర్ పక్కనుంచి. "నన్ను చూడలేదూ?"

"నిన్ను చూశాకే అనుమానం వచ్చింది. నోరు మూసుకో, ట్రెవర్."

జనం మళ్ళీ నవ్వారు. హాడ్లీకి కొంచెం ధైర్యం వచ్చింది. ఆవిడ కూడా దెబ్బ తిని, లేచి నవ్వితే ఊళ్ళో గొడవ ఈ పూటతో సద్దుమణుగుతుంది. కాగితం, కలం తీసుకుని బల్ల ముందు కూర్చున్నాడు.

"ముందు కొన్ని ప్రశ్నలు అడగాలండీ. ఇవి అడక్కుండా ఎవరి మీదా పేల్చం. ట్రెవర్ గారిని కూడా అడిగాం."

"అడుగు."

"వయసు?"

"యాభై నాలుగు."

హాడ్లీ తలెత్తి ఆమె నెరిసిన జుట్టు వైపు చూశాడు. ఆడవాళ్ళ వయసు గురించి వాదించే అలవాటు లేదు. రాసుకున్నాడు.

"గుండె జబ్బేమైనా?"

"ఉంది. పుట్టుకతోనే. ముప్పయ్యో ఏట ఆపరేషన్ చేసి కవాటం మార్చారు."

కలం ఆగింది. "అయితే ఇక అక్కర్లేదండీ..."

"అన్నీ రాయి నాయనా. సగంలో వదలకు."

"మూర్ఛ?"

"ఏడాదికి మూడు నాలుగుసార్లు."

"మందులు?"

"మూర్ఛకి ఒకటి. రక్తం పలచబడడానికి ఒకటి. దెబ్బ తగిలితే రక్తం ఒక పట్టాన ఆగదు."

"ఎముకలు?"

"మెడ దగ్గర బలహీనం. పడకుండా చూసుకోమని డాక్టరు ప్రతిసారీ చెప్తాడు."

హాడ్లీ గొంతు తగ్గించాడు. "మిసెస్ ప్రాసర్, ఇవన్నీ నిజమేనా?"

"చాపెల్‌లో ఆదివారం ప్రార్థనకి ఆర్గన్ వాయించేదాన్ని. ఒక్కటి కూడా అబద్ధం లేదు."

"చివరిది. ఏం చేయబోతున్నామో పూర్తిగా అర్థమైందా? ఒప్పుకుంటున్నారా?"

"అర్థం కాలేదు. ఒప్పుకోలేదు."

ఆవిడ మనసు మార్చుకుందనుకున్నాడు హాడ్లీ. ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, కాగితం అడుగున 'పేల్చకూడదు, ప్రాణాపాయం' అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత అందరికీ వినబడేలా మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"చూశారుగా, మేం ఎంత జాగ్రత్తగా ఉంటామో! ఇలాంటి ఒంటి మీద పేల్చితే మనిషి దక్కడం కష్టం. చేతిలో ఈ కాగితం ఉండి కూడా పేల్చినవాడు పోలీసు ఉద్యోగానికే తగడు. మీరు నిజం చెప్పి మంచి పని చేశారు, మిసెస్ ప్రాసర్."

ఎవరో చప్పట్లు కొట్టారు. ట్రెవర్ కూడా కలిశాడు.

మోర్వెన్ కోటు తొడుక్కుంది. బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంది. బల్ల దగ్గరికి వచ్చి, కాగితాన్ని అతనివైపు తిప్పి, పైన వేలు పెట్టి చూపించింది.

"పేరు దగ్గర ఖాళీ వదిలేశావు నాయనా," అంది. "గెథిన్ ప్రాసర్ అని రాయి."